వీపియ్యని మనిషి

ఆదివారం పొద్దున రాప్తాడులో మా ఇంటి ముందు బండి కడుగుతున్నాను. కడగడమంటే పైపు పెట్టి కాదు. అంత దుబారా చేస్తే మా ఆవిడ బండితో పాటు నన్నూ బయటే ఉంచుతుంది. ఒక బకెట్టు, ఒక పాత బనియను, అంతే. అప్పుడు నూకాలు ఫోన్ చేసింది. నేను ఇంతకుముందు ఉద్యోగం చేసిన సముద్రపు ఒడ్డు పట్నంలో చేపలమ్ముకునే వాళ్ళ అమ్మాయి. ఎప్పుడు చేసినా వీడియో కాలే చేస్తుంది, అలలు చూపించి నన్ను ఏడిపించడం ఆ పిల్లకు సరదా. ఆ రోజు మామూలు కాల్ వచ్చేసరికి బనియను బకెట్లో పడేసి ఎత్తాను.

"తాత ఎల్లిపోనాడు బాబూ," అంది.

శుక్రవారం సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. టీ తీసుకెళ్ళిన మనిషి రెండుసార్లు పిలిచి, నిద్రపోతున్నాడేమోనని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయాడట. తెల్లవారి ఊరు ఊరంతా కదిలి సరుగుడు తోట పక్కన పూడ్చి వచ్చారట. ఆ పొద్దు పడవ ఒక్కటి కూడా నీళ్ళలోకి దిగలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, తాత పేరేమిటని అడిగింది. మీ ఊరాయనే కదా, నీకు తెలిసే ఉంటుంది, రాయి మీద రాయించాలి అంది. నాకు తెలియదు. ఆరేళ్ళు ఆయనతో రోజూ మాట్లాడిన వాణ్ణి, నేనెప్పుడూ పేరు అడగలేదు. ఊరంతా పిలిచినట్టు సీమ తాత అనే రాయించమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మా ఆవిడ గడపలోకి వచ్చి ఎవరు పోయారని అడిగింది. మా ఊరాయన అన్నాను. మనూళ్ళో నాకు తెలియకుండా ఎవరు పోయారని నిలదీసింది. మా ఊరు కాదు, మా వాడు కాదు, చుట్టం కాదు. అయినా మా నాయన పోయినప్పటి ఏడుపే మళ్ళీ వచ్చింది. సగం కడిగిన బండి అట్లాగే వదిలేసి లోపలికి పోయి కూర్చున్నాను.

మాది బ్యాంకు ఉద్యోగం. బదిలీ అంటే పటం మీద కళ్ళు మూసుకుని వేలు పెట్టినట్టే, ఎక్కడ పడితే అక్కడికి పోవాల్సిందే. నా వేలు రాష్ట్రానికి ఆ చివరన, సముద్రం ఒడ్డున పడింది. ఒక్కణ్ణే పోయి చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు కౌంటరు అవతలి వాళ్ళు ఇంకోసారి చెప్పమనేవారు. "యాడ" అంటే నవ్వు, "ఉండాది" అంటే నవ్వు. పోనీలే అని నాలుక మడతపెట్టి "వెళ్ళాను, చేశాను, ఉందండీ" అనడం నేర్చుకున్నాను. నెల తిరిగేలోపు నా గొంతు నాకే పరాయి అయిపోయింది.

ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో టీ కొట్టు దగ్గర నిలబడి మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. అమ్మతో నాజూకు మాటలు నడవవు కదా. అన్నం బాగానే ఉండాది, చేపలే శానా పెడతాండారు అని ఏదో చెప్పుకుంటున్నాను. మూలన బల్ల మీద కూర్చున్న ఒక పొడుగాటి ముసలాయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. నేరుగా నా వెనక్కి రావచ్చు, అదే దగ్గర దారి. రాలేదు. కొట్టు చుట్టూ తిరిగి, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడి, నేను ఫోన్ పెట్టేదాకా ఆగాడు.

"యా ఊరప్పా మీది?"

"అనంతపురం దగ్గర రాప్తాడు అండీ."

"అండీ ఏంది అండీ? ఫోన్లో యెట్ల మాట్లాడితివో నాతో అట్లే మాట్లాడు."

తనది బెళుగుప్ప పక్క అన్నాడు. పక్కన ఏ ఊరని అడిగితే, ఆ పక్కంతా మాదే అనుకో అని చెయ్యి ఊపేశాడు. ఆ తర్వాత ఆరేళ్ళలో ఇంకెన్నిసార్లు అడిగినా చెయ్యి అట్లాగే ఊగింది.

అప్పటి నుంచి బ్యాంకు మూసేసి బయటికి వస్తే నాకు ఒక డ్యూటీ ఉండేది. టీ కొట్టు బల్ల మీద ఆయన ఎదురుగా కూర్చుని మా భాషలో మాట్లాడాలి. విషయం ఏదైనా ఫర్వాలేదు. మా చిన్నాయన కొత్త ఎద్దుతో పడిన అవస్థ, మా వీధిలో కొళాయి దగ్గర జగడం, అనంతపురం టవర్ క్లాకు కాడ ఆటో వాడితో నా గొడవ. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. వార్తల మీద ఆశ లేదు, చప్పుడు కావాలి ఆయనకు. నేను పొరపాటున "వెళ్ళాను" అంటే ఒక కన్ను తెరిచి, ఎవరు వెళ్ళింది, ఆ కోస్తా ఆయన ఎవరు మధ్యలో అని అడిగేవాడు. నేను నవ్వి "పోయినా" అని దిద్దుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకూ అదే బతుకు. ఆ బల్ల మీద గంటసేపు కూర్చుంటే రాప్తాడు పోయి వచ్చినట్టుండేది.

ఐసు ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం ఆయనది. బోరు వేసే లారీతో కూలీగా వయసులో ఉన్నప్పుడు వచ్చాడట. నీళ్ళు యాడుంటే ఆడికి తీసుకపోయినారు, ఇంగ ముందుకు పోయేదానికి దోవ లేక ఈడ దించినారు అనేవాడు. తన జీవితం గురించి ఆయన చెప్పిందంతా అంతే. ఎముకల మీద తోలు కప్పినట్టుండే మనిషి, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, చేతిలో తన భుజం ఎత్తుకు వచ్చే వెదురు కర్ర. ఆ కర్ర లేకుండా ఆయన్ని చూసింది పొద్దున పూట మాత్రమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఎవరికీ వీపు ఇవ్వడు. బస్సెక్కితే చిట్టచివరి సీటు, అది ఖాళీ లేకపోతే ఇంకో బస్సు. టీ కొట్టులో గోడ మూల. మంగలి దగ్గర కుర్చీని అద్దానికి కాకుండా వాకిలి వైపు తిప్పించుకునేవాడు, ఆ మంగలి తల తిప్పుకుంటూ సణుక్కునేవాడు. గుడికి పోతే దేవుడికి దణ్ణం పెట్టి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. అది భక్తి అనుకునేవారు కొత్తవాళ్ళు. భక్తీ లేదు గిక్తీ లేదు, దేవుడైనా సరే ఆయన వీపు చూడకూడదు, అంతే.

ఇదంతా కర్రసాము వల్ల వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సాము నేర్పే గరిడీలో నేర్చుకున్నాడట. ఆ పట్నంలో ఏ సాయంత్రం చూసినా ఇసుక మీద ఆయన చుట్టూ ఒక గుంపు. వలలు బాగుచేసుకుని లేచిన మగవాళ్ళు, చేపల గంపలు కడిగి బోర్లించి వచ్చిన ఆడవాళ్ళు, కాలేజీ నుంచి దిగిన పిల్లలు. అందరి చేతుల్లో కర్రలు. కర్రకు కర్ర తగిలే చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. కొట్టుకునేవాళ్ళ కంటే చూసేవాళ్ళు ఎక్కువ. మొగుడు పెళ్ళాలు ఎదురెదురుగా దిగితే ఆ రోజు జాతరే. పగలంతా పడవల దగ్గర, రేవు దగ్గర ఎవరికి ఎవరితో ఏ పేచీ వచ్చినా సాయంత్రం ఇక్కడ తేల్చుకో అనేవారు. ఇక్కడికి వచ్చి నాలుగు దెబ్బలు తిని, నాలుగు వేసి, చెమట తుడుచుకునేసరికి పేచీ ఎటో పోయేది.

ఆయన నేర్పేటప్పుడు పెద్దగా మాట్లాడడు. ఒక్క మాటే. ఎవరైనా దెబ్బకు భయపడి పక్కకు తిరిగితే చాలు, "వీపియ్యాకు" అని కర్ర కొసతో ఆ వీపు మీద చిన్నగా పొడిచేవాడు. వీపు ఇవ్వొద్దని. ఆ ఊరివాళ్ళకు ఆ "ఇయ్యాకు" ఎంత నచ్చిందంటే, తెల్లవారుజామున పడవ నీళ్ళలోకి నెట్టేటప్పుడు ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు "వీపియ్యాకు" అని సాగనంపేవారు. పరీక్షకు పోయే పిల్లలకు తల్లులు అదే మాట. మా బ్యాంకుకు లోను కోసం వచ్చిన ఒకాయన, మేనేజరు గదిలోకి పోతూ తనకు తాను చెప్పుకోవడం నేనే విన్నాను. బెళుగుప్ప మాట ఒకటి ఆ సముద్రం ఊళ్ళో వేరుపట్టింది.

ఇక పొద్దున పూట సంగతి.

ఆ ఊరి కుర్రకారుకు సర్ఫింగ్ పిచ్చి. ఎవరో పెద్ద నగరం నుంచి వచ్చి కొన్నాళ్ళుండి, పోతూ పోతూ రెండు పాత బోర్డులు వదిలేసి పోయారట. పడవ పగిలితే అతికే రెసిన్‌తోనే వాటిని అతుక్కుంటూ, వాటిని చూసి ఇంకొన్ని తయారు చేసుకుంటూ, తెల్లవారితే చాలు అలల మీద ఉండేవారు. వాళ్ళందరిలోకి నూకాలుది పైచెయ్యి. ఆ పిల్ల అల మీద నిలబడితే రేవులో బేరాలు ఆగిపోయేవి. వాళ్ళమ్మ తిడుతూనే చూసేది.

ఆ నూకాలు దగ్గర సీమ తాత శిష్యుడు. అరవై దాటిన మనిషి. నవ్వకండి, ఊరంతా ఎప్పుడో నవ్వేసింది. సర్ఫింగ్ బోర్డును ఆయన పలక అనేవాడు. మా నాయన బళ్ళో వేసినప్పుడు పలక పగలగొట్టి పారిపోయినా, ఆ పాపం ఇప్పుడు తగులుకునింది అనేవాడు. సాయంత్రం నూకాలును ఒసేయ్ అని పిలిచి పిక్కల మీద కర్రతో తట్టే మనిషి, పొద్దున పంచె గోచీ పోసుకుని పలక చంకన పెట్టుకుని ఆ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. పొద్దున పూట ఆమెను గురువమ్మా అని తప్ప పిలిచేవాడు కాదు. ఆ పిల్ల కూడా తక్కువది కాదు, ముందురోజు సాయంత్రం తిన్న దెబ్బలన్నీ వడ్డీతో తీర్చేది.

ఇసుక మీద ఆయన నిలబడితే కుర్రాళ్ళే గుడ్లప్పగించి చూసేవారు. మోకాళ్ళు వంచి, పక్కవాటున, పాదాలు పలకను కరిచి పట్టినట్టు నిలబడేవాడు. కర్రసాములో నిలబడేది కూడా అట్లాగే కదా. పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి పోవడం నేర్చుకున్నాడు. ఒడ్డు వైపు తిరగడం నేర్చుకున్నాడు. అల వచ్చి కింద నుంచి ఎత్తబోయే ఆ క్షణంలో ఎగిరి నిలబడాలి, అంతే మిగిలింది. సరిగ్గా అక్కడే ఆయన మెడ వెనక్కి తిరిగేది.

అల వెనక నుంచి వస్తుంది. ఎంత గొప్పవాడైనా దానికి వీపు ఇచ్చి, ముఖం ఒడ్డుకు పెట్టాల్సిందే. ఆయన ఇవ్వలేడు. యాభై ఏళ్ళు వీపు కాచుకున్న మనిషి, అంత పెద్దది వెనక నుంచి ఉరికి వస్తుంటే చూడకుండా ఎట్లా ఉంటాడు? చూసేవాడు. చూడగానే భుజం తిరిగేది, భుజంతో నడుము, నడుముతో పలక. దబ్బుమని నీళ్ళలో. నేను పొద్దున నడకకు పోయి చూసేవాణ్ణి, రోజూ అదే తంతు. ఒడ్డు నుంచి నూకాలు గొంతు చించుకునేది.

"తాతా, వీపియ్యి! వీపియ్యి తాతా!"

ఇసుక మీద ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వేవారు. ఆయన ముక్కులో నుంచి నీళ్ళు చీదుకుంటూ లేచి, పలక వెతుక్కుని, మళ్ళీ లోపలికి పోయేవాడు.

ఒక రోజు నేను కాస్త విసుక్కున్నాను. ఎందుకన్నా నీకీ వయసులో ఈ పాట్లు, ఊళ్ళో పెద్దమనిషి అనిపించుకుని వీళ్ళ ముందు ఈ పడడమేంది అన్నాను. ఆయన ఒంటి మీద నీళ్ళు కారుతుండగా నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సముద్రం వైపు గడ్డంతో చూపించాడు. సముద్రాన్ని ఆయన ఎప్పుడూ ఆయమ్మ అనే అనేవాడు.

"మనూర్లలో నీల్లని మనం మోసినాం గదప్పా. పుట్టినప్పట్నుంచి మోసినాం. ఈడ నీల్లే మనిషిని మోస్తాయంట. ఒగసారి ఆయమ్మ నన్ను మోస్తే చూడాల. ఒగసారి చాలు."

మైలు అవతల బాయి నుంచి సైకిలుకు బిందెలు కట్టుకుని తెచ్చిన వాణ్ణి నేను కూడా. ఇంటికొచ్చేసరికి సగం ఒలికిపోయి మా అమ్మ చేత తిట్లు తిన్నవాణ్ణి. ఆ రోజు నుంచి నా పొద్దున నడక నడకగా మిగల్లేదు. ఒడ్డున నిలబడి ఆయన మెడ వైపే చూసేవాణ్ణి. తిరగొద్దు తిరగొద్దు అని నాలో నేను అనుకునేవాణ్ణి. తిరిగేది.

సెలవుకు ఊరికి పోయి వస్తే ఆయన మొట్టమొదట అడిగేది వాన పడిందా అని. పడిందంటే ఎంత పడింది, ఎట్లా పడింది, చినుకు లావా సన్నమా, మట్టి వాసన వచ్చిందా అని పీక్కుతినేవాడు. పడలేదంటే ఊ అని ఊరుకునేవాడు. నేను తెచ్చిన పచ్చి శెనిక్కాయలు ఒడిలో పోసుకుని, ఒక్కొక్కటి వలిచి అక్కడున్న పిల్లలకు పెట్టి, పొట్టు మాత్రం పారేయకుండా కాసేపు గుప్పిట్లో పెట్టుకుని వాసన చూసేవాడు. నాతో రా అన్నా, ఒకసారి ఊరు చూసి వద్దువు అంటే వచ్చేవాడు కాదు. ఒకే ఒకసారి మాత్రం ఎందుకు రాడో చెప్పాడు.

"కరువులో ఊరికి వీపిచ్చి వచ్చినా. ఇచ్చింది ఒగసారే. మళ్ళా ఆడికి మొగం పెట్టుకోని యెట్ల పోయేది?"

ఆ మాట అన్న రెండు రోజుల దాకా టీ కొట్టుకు రాలేదు. నేనూ మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఆరో ఏడు ఎండాకాలంలో దెబ్బ తగిలింది. పడేటప్పుడు పలక తిరగబడి ఆయన పక్కటెముకల్లో గుద్దింది. ఊపిరి అందక నీళ్ళ కింద ఉండిపోతే నూకాలు, ఇంకో ఇద్దరు లాక్కొచ్చి ఇసుక మీద పడేశారు. డాక్టరు ఇంకోసారి నీళ్ళలో దిగితే నా దగ్గరికి తీసుకురావద్దన్నాడు. నూకాలు ఏడ్చింది, తిట్టింది, ఆయన పలకను వాళ్ళింటి అటక మీదికి ఎక్కించింది.

తాత కట్టు కట్టుకుని ఐసు ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున రాలేదు సరే, సాయంత్రం కర్రసాముకు కూడా రాలేదు. కట్టు విప్పిన తర్వాత కూడా రాలేదు. ఇసుక మీద జనం వచ్చి, కర్రలు పట్టుకుని కాసేపు నిలబడి, సెల్‌ఫోన్లు చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. రేవులో రెండు కుటుంబాల మధ్య వాటా మీద మొదలైన మాట పదిహేను రోజులైనా చల్లారలేదు, తేల్చుకునే చోటు లేదు కదా. టీ కొట్టులో నేను ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఎవరితో మాట్లాడాలి? మళ్ళీ నా నోట్లోకి "వెళ్ళాను" వచ్చి చేరింది. ఆ ఊళ్ళో నేను పరాయివాణ్ణని నాకు మొదటిసారి గట్టిగా తెలిసింది అప్పుడే.

ఫ్యాక్టరీకి పోయి పలకరిస్తే నా వైపు చూసేవాడు, మాట్లాడేవాడు కాదు. నూకాలును తీసుకెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి, ఏటి తాతా, సచ్చిపోతావని బయపడ్డాను గానీ నీ మీద కోపమా నాకు అంది. ఆయన, పండుకోని సచ్చేదానికి ఇంత దూరం రావల్లనా పాపా అన్నాడు. పొద్దున కాదు అప్పుడు, అయినా గురువమ్మతో మాట్లాడినట్టే నెమ్మదిగా అన్నాడు. నూకాలు తిరిగి నడిచింది. మరుసటి రోజు పొద్దున ఆయన పలక ఫ్యాక్టరీ గోడకు నిలబెట్టి ఉంది.

సాయంత్రాలు మళ్ళీ కర్రల చప్పుడు మొదలైంది. పొద్దున మళ్ళీ ఆ మెడ, ఆ పడడం. కానీ ఇప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు. ఆయన పోయినంత దూరం నూకాలు పక్కనే ఇంకో బోర్డు మీద పోయేది. ఆయన ఒంట్లో బలం దిగిపోయిందని అందరికీ కనబడుతూనే ఉంది. రెండుసార్లు పడితే మూడోసారికి లేవలేకపోయేవాడు. ఇంకెన్నాళ్ళో లేదని నూకాలు నాతో అంది.

ఆ మధ్యలోనే నాకు బదిలీ వచ్చింది, అనంతపురానికే. ఆరేళ్ళుగా నేను అడుగుతున్నది అదే. వచ్చిందని చెప్పినప్పుడు తాత ముఖం చూడలేకపోయాను. మంచిదప్పా, పో, అన్నాడు. ఆ తర్వాత రోజులన్నీ నన్ను మాట్లాడమని అడగలేదు. తానే మాట్లాడాడు. చిన్నచిన్న మాటలు, నేను కూడా మరిచిపోయిన మాటలు. పొలం గట్లకు, గాలి రకాలకు, ఎండిన చెట్లకు వాళ్ళ పక్క పేర్లు. నాకు అప్పగింతలు పెడుతున్నట్టు చెప్పాడు.

బయలుదేరే రోజు పొద్దున పది గంటలకు నా బస్సు. సామాను కట్టేసి టీ కొట్టులో పెట్టి ఒడ్డుకు పోయాను. ఆయన అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, నూకాలు పక్కన. ఎండ సముద్రం మీద నుంచి నేరుగా నా కళ్ళలో పడుతోంది. చేతులు అడ్డం పెట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డాను. ఆయన ఒడ్డు వైపు తిరిగాడు. నన్ను చూశాడు.

ఆయన చూపు నా మీద పడి అక్కడే ఉండిపోయింది. అల లేచింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన వెనక గోడలాగా లేచింది. నూకాలు అరవలేదు. ఇప్పుడు తిరుగుతుంది మెడ, ఇప్పుడు తిరుగుతుంది అనుకున్నాను. తిరగలేదు. ఊరికి పోయేవాణ్ణి నన్ను చూస్తున్నాడు ఆయన. నన్నో, నా వెనక ఉన్న రోడ్డునో, ఆ రోడ్డు పడమటికి ఎంత దూరం పోతే వస్తుందో ఆ నేలనో. వెనకదేదీ ఆయనకు గుర్తున్నట్టు లేదు. రెండు చేతులు పలక మీద ఊని లేచాడు. మోకాళ్ళు వంచి, పక్కవాటున, కర్ర పట్టుకున్న మనిషిలాగా నిలబడ్డాడు. నీళ్ళు ఆయన్ని ఎత్తుకున్నాయి.

ఎంతసేపు? నాకు తెలియదు. నురగ మధ్యలో ఆ ఎముకల మనిషి ఊగకుండా తొణకకుండా నా వైపే వచ్చాడు. అల పలచబడి ఇసుక మీదికి పాకి వెనక్కి పోయింది. పలక ఇసుకలో దిగబడి ఆగింది. ఆయన ఇంకా దాని మీద నిలబడే ఉన్నాడు. నేను ప్యాంటుతోనే నీళ్ళలోకి పరుగెత్తాను. నూకాలు వెనక నుంచి ఏడుస్తూ నవ్వుతూ వచ్చేస్తోంది.

"మోసింది గదన్నా," అన్నాను. "మోసింది ఆయమ్మ నిన్ను. నాతో రాన్నా ఇంగ, ఊరికి పోదాం."

ఆయన నా మాట విన్నాడో లేదో. కుడిచెయ్యి ఎత్తి తన నడినెత్తి మీద పెట్టుకున్నాడు. అక్కడ ఏదో వెతుకుతున్నట్టు వేళ్ళతో తడిమాడు.

"మా యమ్మకు ఈడ వెంట్రుకలు లేకుండె అప్పా," అన్నాడు. "బిందె మోసి మోసి అరిగిపోయింటే. కొప్పులో పూలు పెడితే జారిపోయేవి. నీల్లు తెచ్చి వాకిట్లో నిలబడి నన్ను కేకేసేది, వచ్చినా నాయనా అని. దించేదానికి ఒగ చెయ్యి పట్టాల గదా."

అంతకుముందు ఆరేళ్ళలో ఆయన తన తల్లి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నూకాలు వచ్చి పలక పట్టుకోబోయింది. నేను వద్దని ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఆయన వెనక ఇంకో అల విరిగి మోకాళ్ళ దాకా వచ్చి తాకింది. తిరిగి చూడలేదు. ఒక కాలు ఇసుక మీద పెట్టాడు, తర్వాత రెండోది. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల సరుగుడు చెట్లు, ఆ పైన ఖాళీ ఆకాశం. వాటి వైపు చూస్తూ, వాకిట్లో నిలబడి లోపలున్న మనిషిని పిలిచినట్టు అన్నాడు.

"వచ్చినా అమ్మా."

మేమిద్దరం ఆయన పక్కనే నీళ్ళలో నిలబడ్డాం. పది గంటల బస్సు నేను లేకుండానే పోయింది.